తెల్ల పరుపు, స్టీలు గ్లాసు

డబ్బున్నవాళ్ళు పెద్ద హోటల్‌కి విశ్రాంతి కోసం వెళ్తారట. నేను జీవితంలో వెళ్ళిన ఒకే ఒక్కసారి గుండెదడ తెచ్చుకుని వచ్చాను. నాది మొదటి నుంచీ అదే తీరు. బస్సెక్కితే టికెట్ ఉందో లేదో దిగేదాకా నాలుగుసార్లు తడుముకుంటాను. హాస్టల్ గదికి తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తాళం లాగి చూస్తాను. ఇలాంటి మనిషికి స్టార్ హోటల్ ఎందుకంటే, మా అమ్మ కోసం.

అప్పుడు నా పీహెచ్‌డీ ఆఖరికొచ్చింది. నేను క్యాంపస్ హాస్టల్లో ఉండేదాన్ని. అమ్మ క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటుంది. నా చిన్నప్పుడు ఊరి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ తార్నాకలో ఇళ్ళ పనికి పోతుంది. పొద్దున్నే క్యాంపస్ రోడ్డు మీదుగా నడిచి వెళ్తూ, హాస్టల్ గేటు దగ్గర నన్ను పిలిపించి, సంచిలోంచి ఒక జామపండో రెండు ఉడకబెట్టిన గుడ్లో తీసి ఇచ్చి పోయేది.

నా థీసిస్ కూడా ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ మీదే. అందులో సగం సంగతులు అమ్మ చెప్పినవే. ఆమె పనిచేసే నాలుగిళ్ళలో మూడింట్లో ఆమెకు వేరే గ్లాసు ఉంది. స్టీలుది. సింకు పైన కిటికీలో బోర్లించి ఉంటుంది. ఇంటిల్లిపాది తాగిన పింగాణీ కప్పులన్నీ కడిగాక, ఆమె తన చాయ్ ఆ గ్లాసులో తాగి, దాన్ని కడిగి మళ్ళీ ఆ కిటికీలోనే పెట్టాలి. ఆ గ్లాసు గురించి నా థీసిస్‌లో పదకొండు పేజీలున్నాయి. మా గైడ్ మెచ్చుకున్న అధ్యాయం అదే. నాకూ దాని మీద కొంచెం గర్వం ఉండేది.

ఇక హోటల్ సంగతి. అంతకు ముందెప్పుడో ఒక ఆదివారం అమ్మ గదిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. కింద పరిచిన పాత పేపర్లో ఏదో హోటల్ ప్రకటన ఉంది. గోడంత కిటికీ, దాని ముందు ఒక పరుపు. అమ్మ దాని మీది కాయలు పక్కకు జరిపి చూసింది. "గింత తెల్లటి పరుపు మీద ఒక్క పూట పండుకుంటే ఎట్లుంటదో బిడ్డా," అంది. వెంటనే తన మాటకు తనే నవ్వుకుని మళ్ళీ కాయలు చేతిలోకి తీసుకుంది. ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

రెండేళ్ళ తర్వాత, ఆగి ఆగి ఫెలోషిప్ బాకీ అంతా ఒకేసారి పడింది. అదే వారం ఫోన్లో ఒక ఆఫర్ కనిపించింది. వానాకాలం, వారం మధ్యలో అయితే గది సగం ధర, పొద్దున టిఫిన్‌తో కలిపి. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని నన్ను నేను తిట్టుకున్నాను. థీసిస్ ఇచ్చేస్తే ఫెలోషిప్ ఆగిపోతుంది, హాస్టల్ ఖాళీ చేయాలి, ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియదు. ఇప్పుడు కాకపోతే ఇక లేదనుకుని బుక్ చేసేశాను. చేసిన మరుక్షణం నుంచి ఖాతాలో ఎంత మిగిలిందో గంటకోసారి చూసుకోవడం మొదలైంది.

పాత అప్పులు తీర్చి, గది డబ్బు కట్టాక నా ఖాతాలో సరిగ్గా థీసిస్ సబ్మిషన్ ఫీజు మిగిలింది. హోటల్ నుంచి వచ్చిన మర్నాడే దానికి ఆఖరి రోజు. అది దాటితే గడువు పొడిగింపు, దానికి మళ్ళీ ఫీజు, మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరిగి సంతకాలు. ఆ డబ్బును ముట్టుకునే పనే లేదు కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

అమ్మ నాలుగిళ్ళలోనూ పెండ్లికి పోతున్నానని చెప్పి సెలవు తీసుకుంది. కాస్త మంచి చీర కట్టింది. తలకు నూనె పెట్టి నున్నగా దువ్వింది. సంచిలో జొన్నరొట్టెలు, ఉల్లికారం. "ఎంతయితదే?" అని తార్నాకలో మెట్రో ఎక్కినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి అడిగింది. నేను రెండుసార్లూ ఎటో చూశాను.

హోటల్ కౌంటర్ దగ్గర అమ్మాయి బాగా నవ్వింది. ఆధార్ కార్డులు చూసి, తాళం కార్డు చేతికివ్వబోతూ, "మేడమ్, సెక్యూరిటీ డిపాజిట్ ఒక్కటి ఉన్నది," అంది.

"అది బుకింగ్‌ల లేదు గదా?"

"కింద చిన్నగ ఉంటది మేడమ్. రిఫండబులే. రేపు రూమ్ చెక్ చేసి, ఏం వాడకపోతే, ఏం డ్యామేజ్ లేకపోతే ఫుల్ అమౌంట్ వాపస్ చేస్తం."

ఆమె చెప్పిన మొత్తం మనసులోనే లెక్కేసుకున్నాను. ఫీజు డబ్బులో నూటికి తొంభై పాళ్ళు. గది డబ్బు ముందే కట్టేశాను, వెనక్కి రాదు. వెనక అమ్మ సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఫోన్ తీసి పంపించాను. నా థీసిస్ ఇప్పుడు వాళ్ళ కౌంటర్ సొరుగులో ఉన్నట్టే. రేపు ఒక చెంచా తక్కువైనా, ఒక మరక ఎక్కువైనా, అది మొత్తంగా బయటకు రాదు.

ఇటు తిరిగేసరికి అమ్మ పూలకుండీ ముందు నిలబడి, అవి నిజం పూలో కావో చూద్దామని చెయ్యి చాపుతోంది.

"ముట్టుకోకమ్మా!" అన్నాను.

ఆ సాయంత్రం ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. గదిలో అడుగుపెట్టగానే చిన్న ఫ్రిజ్ తలుపు తీసింది, ముట్టుకోకమ్మా. పైన బుట్టలో జీడిపప్పు డబ్బా, ముట్టుకోకు, దానికి బిల్లు పడుతుంది. గాజు కూజా, ముట్టుకోకు. స్నానాల గదిలో వేడినీళ్ళ పిడి ఎటు తిప్పాలో తెలియక తడుముతుంటే పరుగెత్తుకెళ్ళి, నువ్వుండు నేను తిప్పుతా అన్నాను. చేత్తో ధరల కార్డు పట్టుకుని, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా ఆమె వెనకే తిరిగాను. అమ్మ మొదట్లో నవ్వింది. తర్వాత రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది.

పరుపు ఉంది. ప్రకటనలో ఉన్నట్టే ఉంది, గోడంత కిటికీ ముందు, ఒక్క ముడత లేకుండా. అమ్మ దాని వైపు నడవగానే నా కళ్ళు ఆమె తల మీదికి పోయాయి. నూనె. నేను ఆమె సంచిలోంచి పాత నేత చీర తీసి, పరుపు మీదా, రెండు దిండ్ల మీదా కప్పి, అంచులు గట్టిగా లోపలికి దోపాను.

అమ్మ చూస్తూ నిలబడింది. "తెలుపు కనబడకుండ జేసినవు గదనే," అంది.

"మరక పడితే పైసలు కట్ చేస్తరమ్మా. అవి నా ఫీజు పైసలు."

"మంచిది తీ," అని పరుపు అంచున, బస్సులో ముగ్గురి సీట్లో మూడో మనిషి కూర్చున్నట్టు కూర్చుంది.

నాకూ బాధనిపించింది. ఏదైనా చేద్దామని చూస్తే, బల్ల మీద కరెంటు కెటిల్, చాయ్ పొట్లాలు, పాలపొడి. కార్డు మీద వాటి పక్కన ఉచితం అని ఉంది. ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు కాచాను. అక్కడ రెండు పింగాణీ కప్పులున్నాయి, బంగారు అంచుతో, పల్చగా. ఒకదాంట్లో నాకు పోసుకున్నాను. అమ్మకు పోయడానికి నా సంచిలోంచి స్టీలు గ్లాసు తీశాను. బయల్దేరేముందు అమ్మ గదిలోంచి నేనే తీసి పెట్టుకున్న గ్లాసు అది. మా ఇంట్లో అందరం అలాంటి గ్లాసుల్లోనే తాగుతాం. హోటళ్ళలో అన్నీ పగిలే సామాన్లే ఉంటాయని ముందుజాగ్రత్తగా తెచ్చాను. దాని నిండా చాయ్ పోసి అమ్మ ముందు పెట్టాను.

అమ్మ గ్లాసు వైపు చూసింది. నా చేతిలోని కప్పు చూసింది. చెయ్యి చాపలేదు.

"నీ తాన గూడ నాకు గిదేనా బిడ్డా?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. నిజంగా కాలేదు. "అది పలగదు గదమ్మా, అందుకని..." అని మొదలుపెట్టాను.

"నేను పనిజేసే ఇంటి మేడమ్ గూడ మొదటి దినం గా మాటనే జెప్పింది. పలగదు, నీకు గిదే మంచిది అన్నది." అమ్మ గొంతులో కోపం లేదు. "ఇరవై ఏండ్ల సంది కడుగుతున్న కప్పులు. ఒక్కటన్న పలగ్గొట్టిన్నా?"

నా పదకొండు పేజీల్లో ఆ మాట లేదు. గ్లాసు ఎక్కడ పెడతారు, ఎవరు కడుగుతారు, పండగ రోజు కూడా అదేనా, అన్నీ అడిగి రాసుకున్నాను. మొదటి రోజు చేతికిస్తూ ఏమన్నారని ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే, అదే మాట నా నోటి నుంచి రావడానికి కొంచెమైనా తడబడేదేమో. సిగ్గుతో నా మొహం కాలిపోయింది. క్షమించు అనే మాట మా ఇంట్లో వాడుకలో లేదు. గ్లాసులోని చాయ్‌ని రెండో కప్పులోకి వంచాను. తొందరలో సగం కెటిల్ కింది పళ్ళెంలో ఒలికింది. అమ్మ ఆ కప్పు అందుకుని, పిడిలో వేలు దూర్చి, నిదానంగా తాగింది.

"సల్లారిపోయింది," అంది.

ఇంకో పొట్లం చింపి మళ్ళీ పెట్టాను. ఆమె తాగుతుంటే లేచి వెళ్ళి పరుపు మీది చీర లాగేశాను.

"నూనె అంటుతదే."

"అంటనీ."

నోరు అంటనీ అంది గానీ, దడ ఎక్కడికీ పోలేదు. నేనేమీ ఆ ఒక్క గుక్క చాయ్‌తో మారిపోలేదు. రొట్టెలు తినేటప్పుడు ఉల్లికారం పరుపు మీద పడకూడదని దేవుడికి మొక్కాను. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి, పరుపు మధ్యలోకి జరిగి, వెల్లకిలా పడుకుని రెండు చేతులూ చాపింది. "ఎట్లున్నదమ్మా?" అన్నాను. "సల్లగున్నది," అని ఇంకేదో చెప్పబోయి, అట్లాగే నిద్రపోయింది. నేను మాత్రం పక్కనే బిగుసుకుని పడుకుని, మరక పోవడానికి ఏం రాయాలో ఫోన్లో వెతుకుతూ చాలాసేపు మేలుకునే ఉన్నాను.

పొద్దున లేచి చూస్తే దిండు మీద అరచేతంత నూనె మరక. అమ్మ స్నానానికి వెళ్ళగానే దిండు తిరగేశాను. ఆమె వచ్చి, చూసి, మళ్ళీ మరక పైకి వచ్చేట్టు తిప్పింది. "ఎందుకట్ల దాస్తవు? ఉతికేటామెకు తెల్వదా?" అంది. ఇరవై ఏళ్ళుగా పరాయి దిండ్లు ఉతికిన మనిషితో వాదించలేకపోయాను.

కింద టిఫిన్ దగ్గర ఆమె ఇడ్లీ మానేసి, పేరు తెలియనివన్నీ ఒక్కొక్కటి తెచ్చుకుంది. తినడం అయ్యాక పళ్ళెం పట్టుకుని లేచి, కడిగే చోటు కోసం చూసింది. వడ్డించే ఆయన వచ్చి పళ్ళెం తీసుకుని, "కూర్చోండమ్మా" అన్నాడు. ఆమె కూర్చుంది. చాలాసేపు ఖాళీ బల్ల మీద చేతులు పెట్టుకుని, కొంచెం గొప్పగా, అటూ ఇటూ చూసింది.

కౌంటర్ దగ్గర అమ్మాయి పైకి ఫోన్ చేసి, రూమ్ చెక్ చేయమంది. మేము ఆగాం. అమ్మ సోఫాలో వీపు పూర్తిగా ఆనించి కూర్చుంది. నేను నిలబడి, దిండు, కెటిల్ పళ్ళెంలో ఒలికిన చాయ్, అదనంగా చింపిన పొట్లం, ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని చెమటలు పట్టించుకున్నాను. "క్లియర్ మేడమ్," అంది అమ్మాయి. నా ఫోన్లో మెసేజ్ మోగింది. డబ్బు మొత్తం, ఒక్క రూపాయి తగ్గకుండా వచ్చేసింది. దిండు మాటేమిటని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

మెట్రోలో సగం దూరం వచ్చేదాకా నా గుండె కుదుటపడలేదు. తార్నాకలో దిగి, మాణికేశ్వర్ నగర్‌కి అమ్మ ఆటో బేరం చేస్తుంటే, ఫోన్ మళ్ళీ మోగింది. హోటల్ నంబర్. దిండే, ఇంకేముంది, చూశారు, ఇప్పుడు కట్టమంటారు అనుకుంటూ ఎత్తాను.

"మేడమ్, మీ రూమ్‌ల కెటిల్ పక్కన ఒక స్టీల్ గ్లాస్ ఉండిపోయింది. తీసి పెట్టినం."

ఊపిరి పీల్చుకుని అమ్మ వైపు తిరిగాను. "అమ్మా, గ్లాసు ఆడనే మర్చిపోయి వచ్చినమట."

"మర్చిపోలే," అంది అమ్మ, ఆటోలో సంచి పెడుతూ. "కడిగి బోర్లిచ్చి వచ్చిన."

ఫోన్లో అమ్మాయి అడుగుతూనే ఉంది. "మేడమ్? ఎప్పుడొస్తరు తీసుకోను?"

"అది మాది కాదండి," అన్నాను.