ఆదెయ్య మావ వదిలేసిన మొద్దులు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆదెయ్య మావ ఇంటి మీదికి కొండను దించింది నేనే. తుఫాను మీదికి నెట్టేద్దామని చూశాను గానీ ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు.

మావ వినుకొండ చుట్టుపక్కల కొండల్లో మొద్దులు తవ్వి బతికిన మనిషి. చెట్టు కొట్టేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు మాను పట్టుకుపోయాక, నేలలో మిగిలిన మొద్దును వేళ్లతో సహా గునపంతో పెకలించి పొగాకు ఆకు కాల్చే బ్యారన్లకు అమ్మేవాడు. మొద్దు కట్టె నిదానంగా, చాలాసేపు మండుతుంది. ఆ డబ్బులతోనే పెళ్లి చేసుకున్నాడు, కొండ కింద ఇల్లు కట్టాడు. మా కొండకు గుండు కొట్టించిన పుణ్యంలో సగం ఆయనదే. "ఇంక నామం పెట్టడమే తరువాయి మావా" అంటే గునపం ఎత్తి వెంటపడేవాడు.

అలాంటివాడు తన ఇంటి వెనక వాలులో ఉన్న చండ్ర చెట్ల మొద్దుల్ని మాత్రం ముట్టుకోలేదు. వాటికి పచ్చగా పిలకలు కూడా వచ్చాయి. ఎందుకు వదిలేశావని అడిగితే, "నడుం పట్టేసిందిరా" అన్నాడు. నేను నమ్మేశాను.

మావా, బసవమ్మ అత్తా సింగరాయకొండలో పెళ్లికి వెళ్లినప్పుడు, ఆయన పని నేనే చేసిపెడదామని జేసీబీ తెచ్చాను. చీమకుర్తి క్వారీలో డ్రైవర్ పక్కన కూర్చుని కొంత, ఫోన్లో వీడియోలు చూసి కొంత నేర్చుకున్న విద్య నాది. మొద్దులన్నీ పీకి, వాళ్ల గుమ్మం ముందు పేర్చి, పైన బంతిపూల దండ వేశాను. మావ మొహం వీడియో తీద్దామని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

పెళ్లి నుంచి వచ్చిన మావ దండ వైపు చూడలేదు. "వేళ్లు కూడా తీసేశావేంట్రా?"

"ఒక్క పీచు వదిలితే ఒట్టు మావా!"

ఆయన ఒక మొద్దు వేరుకి అంటిన మట్టిని చేత్తో రాల్చాడు. "అవతలి వాలు నేనే తవ్వాన్రా. తర్వాతి వానలకే బాపయ్య గొర్రెల దొడ్డి మీదికి జారింది. అందరూ వాన అన్నారు. నేను అనలా. వేళ్లు రాతి సందుల్లోకి దూరి మట్టిని పట్టుకునుంటాయి. చెట్టు పోయినా, మొద్దు చిగురేస్తుంటే వేరు బతికున్నట్టే. అవి లేకపోతే మట్టి నీళ్లు తాగి, బరువెక్కి, రాతి మీంచి జారుద్ది."

"మరి నడుం నొప్పన్నావ్?"

"ఏం చెప్పమంటావ్? సిగ్గేసింది."

ఆ వారంలోనే తుఫాను పట్టింది. మిట్టమధ్యాహ్నం వాలు కదిలింది. వాళ్ల చూడి గేదెకు తాడు విప్పినా, అది కొట్టంలోంచి అడుగు వేయలేదు. తాడు వదలనంటున్న అత్తను మావ రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు. బురద పెద్దగా చప్పుడు కూడా చేయలేదు. మెల్లగా వచ్చి కొట్టం మీద కూర్చుంది. ఇంటి వెనక గోడ దాంతోపాటే పోయింది.

మర్నాడు చచ్చిపోయిన గేదెను బయటికి తీసింది కూడా నా జేసీబీయే. అత్త దాని చెవిలో మట్టి కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

ఆ ఇంట్లోకి ఇక వెళ్లే పని లేదు. పైన సగం వాలు ఇంకా అలాగే వేలాడుతోంది. ఇద్దరూ ఇప్పుడు పత్తి గోడౌన్ వరండాలో ఉంటున్నారు. వాన తెరిపిచ్చినప్పుడల్లా మావ వెళ్లి, పక్కనున్న ఇళ్లయినా మిగలాలని, ఆ వాలు అంచుల్లో వేప గింజలు, చండ్ర గింజలు గుచ్చుతున్నాడు. అవి వేళ్లు దించేసరికి ఎన్ని వానాకాలాలు పోతాయో! ఈలోగా ఏమవుతుందో మేమిద్దరం మాట్లాడుకోం.

మొన్న ఆయన వెనకే గింజల సంచి మోస్తూ అన్నాను. "అంతా నావల్లే మావా. కొండను దించింది నేనే."

మావ తల ఎత్తకుండానే ఇంకో గింజ గుచ్చాడు.

"గొప్పలు పోకురా. అది నేను ముప్పై ఏళ్లు కష్టపడితే అయింది. నువ్వు చివర్లో వచ్చి ఫోటో దిగావ్, అంతే."