సగం మీసం లాబ్‌స్టర్

"...మూడుసార్లూ ఆ లాబ్‌స్టర్‌నే కొలిచావు బావా! పాపం అదైనా నిన్ను గుర్తుపట్టే ఉంటుంది," వీపు మీది గాలి సిలిండరు పడవలో దించుతూ బావమరిది అన్నాడు.

"మూడూ వేరువేరురా. నా కళ్లు నాకు తెలియవా?" అన్నాడు వాచీలు బాగుచేసే ఆయన.

పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం ఇద్దరూ ఈ రాళ్ల దగ్గరే నీళ్లలోకి దిగుతున్నారు. దిగేముందు ఆయన ఆవిరి పట్టకుండా మాస్కు అద్దం మీద ఉమ్మి, బొటనవేలితో తుడుస్తాడు. రాతి సందులోంచి లాబ్‌స్టర్‌ను లాగి, మణికట్టుకు కట్టుకున్న కొలబద్దతో దాని వీపు డొప్ప కొలుస్తాడు. వెంట్రుకవాసి తగ్గినా వదిలేస్తాడు. చిన్నవాటిని పట్టకూడదని రూలు.

"దాని ఎడమ మీసం సగమే ఉంది బావా. వదలడం, మళ్లీ అదే సందులోంచి లాగడం! గాలి అయిపోతోంది, పైకి రమ్మని రెండుసార్లు సైగ చేశాను. సరేనని వేళ్లు చూపించి మళ్లీ చెయ్యి లోపల పెట్టావు. నేను లాక్కురాకపోతే ఏమయ్యేది?"

సిలిండరు గాలి మీటరు ముల్లు ఎర్రగీత దాటి ఉంది. ఎంత తలచుకున్నా ఆయనకు ఆ సైగ గుర్తు రాలేదు. సగం మీసం మాత్రం చూసినట్టే ఉంది. ఒకసారో, మూడుసార్లో.

"అక్కకి చెప్పనులే," అన్నాడు బావమరిది మెల్లగా.

ఆయన తడి చేతుల్ని చాలాసేపు తుడుచుకున్నాడు.

"నేనే చెబుతాను. వచ్చే ఆదివారం నుంచి నీకు ఇంకో తోడు చూసుకో. నేను పడవలోనే ఉంటాను."