రెట్టల మాస్టారి అరవై పుల్లలు

ఆయన ఏ బడిలోనూ ఒక్క పూట పాఠం చెప్పినవాడు కాడు. అయినా ఊరందరికీ రెట్టల మాస్టారే. పశువైద్య ల్యాబులో సీసాలు కడిగే పనిలో చేరి, చివరికి చెరువు గట్టున వలస బాతుల రెట్టలు సేకరించే పనిలో స్థిరపడ్డాడు. ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చే బాతులతో పాటు బర్డ్‌ఫ్లూ కూడా దిగిందేమో ముందే కనిపెట్టాలంటే ఎవరో ఒకరు ఆ పని చేయాలి మరి. మిగతావాళ్లంతా ముక్కు మూసుకుని తప్పుకున్నారు, ఈయన దొరికిపోయాడు. ఇరవై రెండు చలికాలాలు గడిచాయి.

పని చెప్పడానికి తేలిక. పొద్దున్నే గుంపు ఒడ్డున మేస్తుంటే పొదల వెనక నక్కి కూర్చోవాలి. అవి వాటంతట అవే నీళ్లలోకి దిగేదాకా కదలకూడదు. ఆ తర్వాత తడి ఆరని రెట్టలు ఎంచుకుని, ఒక్కోదానికి ఒక్కో దూదిపుల్ల అద్ది, ఐదేసి పుల్లలు ఒక గొట్టంలో వేసి ఐసు పెట్టెలో పెట్టాలి. మొత్తం అరవై పుల్లలు, పన్నెండు గొట్టాలు. రెట్ట చూసి బాతు జాతి చెప్పేస్తానని మాస్టారు గొప్పలు పోయేవాడు. భార్య మాత్రం చెప్పులు, చొక్కా, ఆ కబుర్లు మూడూ గుమ్మం బయటే వదిలిపెట్టించేది.

ఆ మంగళవారం యాభై ఏడు పుల్లలయ్యేసరికి తడి రెట్టలు అయిపోయాయి. గుంపు మళ్లీ ఒడ్డెక్కేదాకా ఆగాలి. బుద్ధిగా ఆగాడు కూడా. తీరా అవి ఒడ్డుకు వస్తున్న సమయానికి తుమ్ము ముంచుకొచ్చింది. ముక్కు నలుపుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి ఆ చెరువు ఎన్నడూ విననంత గట్టిగా తుమ్మాడు. ఒక్క బాతు మిగలకుండా లేచిపోయాయి.

దారిలోనే అక్క ఇల్లు. అక్క పెరట్లో పదకొండు పెంపుడు బాతులు. పగలల్లా అవీ ఆ చెరువులోనే ఈదొస్తాయి, బాతు బాతే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. అక్క పంపు దగ్గర బట్టలు ఉతుకుతుంటే పెరటి వైపు నుంచి పిల్లిలా దూరి మూడు పుల్లలు అద్దుకొచ్చాడు. ఆఖరి గొట్టం మీద 'వలస బాతులు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. చేసిన పని ఎలాంటిదైనా దస్తూరీకి మాత్రం వంక పెట్టలేం.

వారం తర్వాత ల్యాబు డాక్టరమ్మ పిలిచింది. పదకొండు గొట్టాల్లో ఏమీ లేదు. ఆఖరిదాంట్లో బర్డ్‌ఫ్లూ ఉంది.

"ఇన్నేళ్లకి పట్టుకున్నారు మాస్టారూ," అందామె మెచ్చుకోలుగా. "చెరువు దగ్గరికి ఎవర్నీ పోనీకుండా ఈరోజే బోర్డు పెట్టిస్తాను."

మాస్టారు లోపలే లెక్క వేసుకున్నాడు. ఆ గొట్టంలో రెండు పుల్లలు చెరువువి, మూడు అక్క బాతులవి. నోరు మూసుకుంటే తనకు శభాష్ దక్కుతుంది. అక్క మాత్రం ఆ బాతుల తొట్టి ఉత్త చేతులతో కడుగుతూనే ఉంటుంది. వరండాలోకి వచ్చి ఫోన్ చేశాడు.

"అక్కా, బాతులెలా ఉన్నాయి?"

"నిక్షేపంలా ఉన్నాయి. నాకే నిన్నట్నుంచి ఒళ్లు కాలిపోతోంది. బాతుల్ని అడుగుతావు, నన్నడగవేంరా?"

బాతులు రోగాన్ని మోస్తూ కూడా నిక్షేపంలా తిరగగలవని మాస్టారికి తెలుసు. నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లాడు.

"చివరి మూడూ చెరువువి కావమ్మా. మా అక్క బాతులవి. లెక్క తగ్గిందని నేనే తీశాను."

"ఎన్నేళ్ల నుంచి ఇలా తీస్తున్నారు?"

"ఇదొక్కసారే."

"నమ్మమంటారా?"

మాస్టారికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

గంటలో తెల్ల సూట్లు, మాస్కులు వేసుకుని నలుగురు అక్క గేటు ముందు దిగారు, వాళ్లలో మాస్టారూ ఒకడు. అక్క జ్వరంలో కూడా నడక చూసి తమ్ముణ్ని పట్టేసింది. "ఏంట్రా ఈ వేషం?" అంది. ఆయన అక్కడే నిలబడి అంతా చెప్పేశాడు.

రోగం అక్క బాతులదేనని తేలింది. పదకొండింటినీ చంపి పూడ్చేశారు. అక్కకు పట్టుకున్నదీ అదే. సమయానికి మందు పడింది కాబట్టి పది రోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడింది. మాస్టారిని మళ్లీ సీసాలు కడగమన్నారు. ఇరవై రెండేళ్లలో ఆయన పట్టుకున్న రోగం ఇదొక్కటే, అదీ చెరువు లెక్కలో చెల్లదని కొట్టేశారు.

అక్క ఇంటికొచ్చిన రోజు మాస్టారు వెళ్లాడు. ఆమె ఖాళీ గూడు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నా బాతులు పోయాయి. నీ పేరు పోయింది. నోరు మూసుకుని ఉంటే నీకేం పోయేదిరా?"

"నువ్వు," అన్నాడు తమ్ముడు నేల చూస్తూ.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత బకెట్టు కాలితో ఆయన వైపు నెట్టింది.

"గూడు కడుగు. నేను చూస్తూ కూర్చుంటాను."