పెద్దత్తకు తొలిపిలుపు

మా తమ్ముడి పెళ్లి కార్డును నేను ఫోన్లోనే అందంగా తయారు చేసి, ఒక్క వేలితో చుట్టాలందరికీ పంపించి, పనైపోయిందని చేతులు దులుపుకున్నాను. మా అమ్మను మేం అవ్వ అని పిలుస్తాం. అవ్వ కళ్లజోడు పెట్టుకుని ఆ కార్డును చాలాసేపు చూసింది.

"మంచిగున్నది బిడ్డా. గిట్ల ఫోన్ల పిలిస్తె, బువ్వ గూడ ఫోన్లనే పెట్టుమంటరు" అంది.

మాకు బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. గడప లోపలికి వెళ్లి, ఆ ఇంటి ఆడమనిషి నుదుట కుంకుమ పెట్టి, పసుపు రాసిన కార్డు చేతికిచ్చి, పెళ్లికి రావాలని నోరారా చెప్పాలి. అందుకని ఎండలు ముదురుతున్న రోజుల్లో కంఠేశ్వర్‌లోని మా ఇంటి ముందు నుంచి కారు తీశాను. నడిపేది నేను. పక్క సీట్లో మా నాన్న, మేం బాపు అంటాం. నాకు లైసెన్సు వచ్చి ఎన్నేళ్లయినా ప్రతి మలుపు దగ్గరా "మెల్లగ, మెల్లగ" అనడం ఆయన డ్యూటీ. వెనక సీట్లో అవ్వ, ఆమె ఒళ్లో కుంకుమ భరిణె, పక్కన కార్డుల సంచి.

మొదటిరోజు పోచంపాడ్ వెళ్లాం. అక్కడ బాపు దోస్తు ప్రాజెక్టులో చేపలు పట్టి అమ్ముతాడు. కార్డు అందుకుని, దాన్ని చదవకుండానే జేబులో పెట్టుకుని, రెండు పెద్ద రవ్వ చేపలను మంచుముక్కల్లో పెట్టి కారు డిక్కీలో పడేశాడు. శుభమా అని పిలుపుకు పోతుంటే కారంతా నీచు వాసనేమిటని అవ్వ దారంతా సణిగింది, రాత్రి పులుసు మాత్రం రెండుసార్లు వేసుకుంది. దోస్తులతో ఉన్న సుఖమే అది. నన్నెప్పుడు పిలిచావు, నాకంటే ముందు ఎవరిని పిలిచావు అని అడగరు.

చుట్టాలు అడుగుతారు. రెండోరోజు చుట్టాలది.

బాపుకు ఒక అక్క, ఒక చెల్లె. పెద్దత్తది బోధన్, చిన్నత్తది మోస్రా. నేను దారి లెక్క వేసి, ముందు మోస్రా, తర్వాత వర్నిలో బాపు దోస్తు ఇల్లు, అటునుంచి బోధన్, సాయంత్రానికి ఇల్లు అని చెప్పాను. బాపు తల అడ్డంగా ఊపాడు.

"పెద్దక్క ఉండంగ చిన్నదాన్ని ముందుగాల పిలుస్తరా? వర్ని దోస్తును పొద్దున్నే పట్టుకోవాలె, సరే. మోస్రాల ఆగకుంట పోదాం. బోధన్‌ల అక్కకు చెప్పినంక మల్ల ఎనుకకు రావాలె."

డీజిల్ ఎవరిదని అడగబోయి ఊరుకున్నాను. వరుస దగ్గర మా బాపుతో వాదించడం గోడకు చెప్పుకోవడమే.

అయితే అవ్వకు అంతకంటే పెద్ద దిగులుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దమామ రెండేళ్ల కింద చనిపోయాడు. మొగుడు పోయిన ఆడమనిషికి మావైపు పిలుపుబొట్టు పెట్టరు, నోటితో చెప్పి వదిలేస్తారు. మా ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా పందిరికి పోలు నాటిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా పెద్దత్త గొంతే వినిపించేది. అలాంటి మనిషి ఈ రెండేళ్లలో జరిగిన పెళ్లిళ్లలో వంటల టెంటు వెనకాల కూర్చుని, ఉల్లిగడ్డలు కోసి వచ్చేసింది. బొట్టు పెడితే ఆమెకు పుండు కెలికినట్టవుతుందేమో. పెట్టకపోతే ఇంటి పెద్దాడబిడ్డను, నువ్వు లెక్కలో లేవు అన్నట్టవుతుంది. ఏం చెయ్యాలో అవ్వకు తేలలేదు. భరిణె మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

మోస్రా దగ్గర పడగానే బాపు "అద్దాలెక్కియ్" అన్నాడు. అవ్వ కొంగు ముఖం మీదికి లాక్కుంది. చిన్నత్త ఇల్లు రోడ్డు మీదే. ఊరి పేరు బోర్డు కనపడగానే మేం ముగ్గురం దొంగతనానికి వచ్చినవాళ్లలా తలలు దించాం. నడిపేదాన్ని నేనే కాబట్టి నా తల అంతగా దించే వీలు లేదు.

యాసంగి కోతల రోజులు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉన్నాయి. మిగిలిన సగంలో నుంచి వరికోత మిషన్ ఎదురొచ్చింది. పక్కకు తిప్పితే వడ్ల మీదికి ఎక్కుతుంది. బ్రేకు వేశాను. వడ్లలో కాళ్లతో సాళ్లు తీస్తూ తిప్పుతున్న ఆడమనిషి గిరుక్కున తిరిగింది.

"ఓ కారాయన! కండ్లు గానొస్తలెవ్వా? వడ్ల మీదికెక్కిస్తవా?"

చిన్నత్తే. అద్దం దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూసింది. నన్ను చూసింది, బాపును చూసింది, కొంగు చాటున ఉన్న అవ్వను చూసింది. అద్దం దించక తప్పలేదు.

"ఏం చెల్లె, మంచిగున్నవా? ఏం లేదు, గిట్లనే పోతున్నం" అన్నాడు బాపు. ఆయనకు అబద్ధం ఆడటం ఎప్పుడూ రాలేదు.

చిన్నత్త కళ్లు అవ్వ ఒళ్లోని భరిణె మీద పడ్డాయి. ఇక అయిపోయింది, ఈ అలక తీరేసరికి తమ్ముడికి పిల్లలు పుడతారు అనుకున్నాను.

"అక్కను పిలిచిండ్రా?" అని అడిగింది.

"ఇంకా లేదు. ఆడికే పోతున్నం" అంది అవ్వ.

"మరి మంచి పనే గదా. గీ దొంగల లెక్క అద్దాలేంది?" అని నవ్వింది. తర్వాత కారు మీద చెయ్యి పెట్టి, గొంతు తగ్గించి, "అక్కకు బొట్టు పెడ్తవా వదినె?" అంది.

అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏం జెయ్యాల్నో నాకు సమజైతలేదు" అంది.

చిన్నత్త వెనక్కి తిరిగి, చెట్టు కింద కునికిపాట్లు పడుతున్న మామను కేకేసి వడ్లు అప్పజెప్పింది, కాళ్లు కడుక్కుంది, వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. జుట్టులో వడ్ల దుమ్ము అలాగే ఉంది. వర్నిలో బాపు దోస్తు దూదేకే పని చేసే ముసలాయన, మమ్మల్ని చాయ్ తాగనిదే కదలనివ్వలేదు. "బోధన్ ఆపాకు నా సలాం చెప్పుండ్రి" అన్నాడు. ఆపా అంటే అక్క, మా పెద్దత్తే. ఆమెను అడగనివాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. అది విని నాకు గర్వంగానూ ఉంది, దిగులుగానూ ఉంది.

బోధన్ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పెద్దత్త కోడలు మంచినీళ్లు తెచ్చింది. పెద్దత్త లోపలి గది తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. క్షేమసమాచారాలయ్యాయి, పెళ్లికూతురి ఊరు, ఉద్యోగం అన్నీ అడిగింది. అవ్వ భరిణె తీసి లేచి నిలబడింది. అంతే, పెద్దత్త ముఖం పక్కకు తిప్పేసుకుంది.

"కోడలికి పెట్టు మరదలా. నాకు చెప్పినవు గదా, సాలు. నేనొచ్చి ఎనుకనుంచి అక్షింతలేస్త."

 అవ్వ మెల్లగా కోడలి వైపు తిరిగింది.

"ఆగు వదినె" అంది చిన్నత్త. "అక్కకు పెట్టకుంట కోడలికెట్ల పెడ్తవు? నాకెట్ల పెడ్తవు? పెద్దదానికి పిలుపు లేకుంటె చిన్నదానికీ లేనట్టే. పిలువని పేరంటానికి నేనెందుకొస్త? నేను రాను."

పెద్దత్త గొంతు లేచింది. నేను చిన్నప్పుడు పందిట్లో విన్న గొంతే. "ఏం మాట్లాడ్తున్నవే? ఇంట్ల మొగపిల్లగాని పెండ్లికి రానంటవా? నోరు మంచిగ లేదా?"

"నా నోరు మంచిగనే ఉన్నది. వరుస ఎవలు నేర్పిండ్రు మాకు? నువ్వే గదా!"

"మంది ఏమంటరే?"

"మందిని మనం ఇంకా పిలువనే లేదు. పిలిచినంక అననియ్యి."

కోడలు నవ్వు ఆపుకోలేక చెంబు తీసుకుని లోపలికి పోయింది. పెద్దత్త మాత్రం నవ్వలేదు. చెల్లెను వదిలేసి అవ్వ వైపు చూసింది. "నీ మనసుల ఏమున్నదో నువ్వు చెప్పు మరదలా."

మా అవ్వ ఆడబిడ్డ ముందు ఎప్పుడూ తల ఎత్తి మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు మాట్లాడింది. "నాకు భయమైతున్నది వదినె. పెడ్తె నీకు నొప్పైతదేమో. పెట్టకుంటె ఇంకింత నొప్పైతదేమో. గాని నా కొడుకు పెండ్లికి ముందుగాల నిన్నే పిలువాలె. నాకు గంతే తెలుసు."

 బాపు తువాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. పెద్దత్త పీట మీద నుంచి లేవకుండానే ముఖం ముందుకు చాపి కళ్లు మూసుకుంది.

"పెట్టు మరి. చెయ్యి వణకనియ్యకు, ముక్కు మీద పడ్తది" అంది.

అవ్వ చెయ్యి వణికింది. కొంచెం కుంకుమ ముక్కు మీద పడనే పడింది. ఎవరూ తుడవలేదు. తర్వాత కోడలికి పెట్టింది. చిన్నత్త వైపు తిరిగితే ఆమె వెనక్కి జరిగి, "నాకు గిక్కడ పెడ్తె చెల్లది. మా గడపకు రావాలె" అంది. మళ్లీ మోస్రా దాకా నడపాలన్నమాట. ఆ క్షణంలో నాగపూర్ దాకా నడపమన్నా నడిపేదాన్ని, అంత సంతోషంగా ఉంది నాకు.

అన్నాలు తినేసి గానీ కదలొద్దని పెద్దత్త హుకుం వేసింది. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. పొయ్యి దగ్గర నిలబడి పోలు ఎప్పుడు నాటుతున్నారు, మేళం ఎవరిది, వంటలు ఎవరికిచ్చారు అని ఒకటి తర్వాత ఒకటి అడుగుతూ మాకు వడ్డించింది. ముఖమంతా చెమటలు కారుతున్నాయి. మేం ఉన్నంతసేపూ కొంగుతో మెడ తుడుచుకుంది, చెంపలు తుడుచుకుంది, నుదుటిని మాత్రం వదిలేసింది.