ముందు కాలును అడగాలె

బ్రేక్ ఆయిల్ వాసన ముక్కుకు తగిలితే ఇప్పటికీ చెప్పులు విడుస్తాను. ఈ ఉదయం అశోక్‌నగర్‌లోని మా షెడ్డులో డబ్బా మూత తీయగానే అదే జరిగింది. చల్లటి పెడల్ మీద వట్టి పాదం ఆనించేసరికి యాదగిరన్న గుర్తొచ్చాడు.

నారాయణగూడ సందులో ఆయన షెడ్డు. పాత భాగాలతో కొత్త కార్లు కట్టేవాడు. పాలమూరు నుంచి కూలి పనికి వచ్చి, చూసి చూసి ఈ పని నేర్చుకున్న మనిషి. నేను డిప్లొమా పట్టుకుని ఆయన దగ్గర చేరాను. లెక్కలు తెలుసునన్న పొగరు నాకు కాస్త ఎక్కువే ఉండేది.

చిక్కడపల్లి నుంచి రామ్మూర్తి గారని ఒక రిటైర్డ్ లెక్చరర్ వచ్చారు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆయన కుడికాల్లో సత్తువ తగ్గింది. "బ్రేకు గట్టిగా ఉంటే తొక్కలేనండీ. అలాగని ఇంట్లో కూర్చోలేను," అన్నారు. ఆయన కోసం రెండు సీట్ల చిన్న కారు కట్టాం. పెడల్ పని నాది. పెడల్ పైనున్న పిన్నుకు వేలాడుతుంది. బ్రేకును తోసే కడ్డీ దానికి తగులుకుంటుంది. ఆ కడ్డీ పిన్నుకు ఎంత దగ్గరైతే తొక్కడం అంత తేలిక, కానీ పెడల్ అంత లోతుకు దిగాలి. ఈ రెండో సంగతిని నేను పట్టించుకోలేదు. కడ్డీ రంధ్రం పిన్నుకు బాగా దగ్గరగా వేసి, వేలితో నొక్కినా దిగుతోందని మురిసిపోయి, కారు తీసుకెళ్ళమని ఆయనకు ఫోన్ కూడా చేశాను.

ఆయన వచ్చేసరికి యాదగిరన్న కారును ఒక చుట్టు తిప్పుకొచ్చి నన్ను పిలిచాడు. "బ్రేకులు వేడైనయ్. ఇప్పుడు తొక్కు బిడ్డా. చెప్పులిడిచి తొక్కు." తొక్కాను. పెడల్ మెత్తగా దిగి నేలకు తగిలింది.

"తేలికైతే ఒడిసిందా? బండి ఆగాలె గద," అని నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు. తర్వాత రామ్మూర్తి గారి వైపు తిరిగి, "మాఫ్ చెయ్యుండ్రి సార్. కొలత నేనే తప్పు చెప్పిన. ఇయ్యాల బండి ఇయ్యను," అన్నాడు. నేను తల వంచుకున్నాను. నోరు మాత్రం విప్పలేదు.

యాదగిరన్న పక్క దుకాణం నుంచి మనుషులు బరువు చూసుకునే మిషన్ తెచ్చి, పెడల్ ఉండే చోట నిలబెట్టి, ఆయన్ను సీట్లో కూర్చోబెట్టాడు. "చెప్పులిడిచి దీన్ని నెట్టుండ్రి సార్. జోరు చెయ్యకుండ్రి, రోజు తొక్కినట్టే." ముల్లు ఎక్కడ ఆగిందో నాకు చూపించాడు. "ఇనుమును తర్వాత అడుగుదువు. ముందు కాలును అడగాలె." ఆ బలానికి సరిపడేలా రంధ్రం కొంచెం కిందికి జరిపాం. సీటు రెండు వేళ్ళు ముందుకు తెచ్చాం. మూడో రోజు ఆయనే తొక్కి చూశారు. కారు నిలబడింది.

పోయిన ఏడాది యాదగిరన్న గుండెపోటుతో పోయాడు. దినాలకు రామ్మూర్తి గారు ఆ కారులోనే వచ్చారు. అన్న భార్య లక్ష్మమ్మతో, "ఒక్కసారి కొలత తప్పాడమ్మా. నా ముందే ఒప్పుకున్నాడు. అందుకే ఆయన కట్టిన బండిని నమ్మాను," అన్నారు. మెచ్చుకుంటూనే అన్నారు. అయినా అది విని ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"తప్పింది అన్న కాదండీ. నేను," అన్నాను.

లక్ష్మమ్మ నా చేయి పట్టుకుంది. "ఎరికే బిడ్డా. గా రోజే ఇంటికొచ్చి చెప్పిండు. నువ్వే ఒకనాడు ఒప్పుకుంటవన్నడు."

ఒప్పుకున్నాను, ఆయన పోయాక. ఆ ఆలస్యం నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది. అందుకే ఇప్పుడు నా కొలత ఎక్కడ తప్పినా, కారు యజమాని ఎదుట, అప్పటికప్పుడే చెప్పేస్తాను.