గొంతు మీది చెయ్యి

ఆళ్లగడ్డ బడిలో మా ఇంగ్లీషు సారు ఏ మాటకైనా పుట్టుక చెప్పందే వదిలేవారు కాదు. ‘యాంగ్జైటీ’ అంటే ఆందోళన అని చెప్పి ఊరుకోక, మా చేతులతో మా గొంతులే పట్టించారు.

"లాటిన్‌లో దీని మూలం గొంతు పిసకడమప్పా. ఇంగ చెయ్యి తీయండి, ఊపిరాడతాది," అన్నారు. మేమంతా ఊపిరి పీల్చుకుని నవ్వాం.

మొన్న నంద్యాల ఆసుపత్రిలో, ఐసీయూ తలుపు ముందు సారు నేల మీద కూర్చుని కనిపించారు. లోపల ఆయన కూతురు. మూడు రోజులుగా కళ్లు తెరవలేదట. పక్కన కూర్చుని, "ఎట్లుండాది సార్?" అన్నాను.

"ఆ పొద్దు చెయ్యి తీస్తే ఊపిరాడతాదని చెప్తి గదా," అన్నారు. "ఇప్పుడు సూడప్పా, రెండు చేతులూ ఒళ్లోనే ఉండాయి."