తడి రుమాలు

అరిజోనాలో నేను చదివిన యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పే స్పెయిన్ దేశపు ముసలాయన ఒకరుండేవారు. మనిషి తన బతుకును తానే ఎంచుకోవాలనీ, ఆ పని ఇంకొకరికి అప్పగించడం కుదరదనీ ఆయన పాఠం. అంత ధైర్యంగా మాట్లాడే మనిషి, క్లాసు అయ్యాక బోర్డంతా తుడిచి, మూలల్లో మిగిలిన సుద్ద గీతల్ని తడి రుమాలుతో రుద్ది, అప్పుడుగానీ తలుపు తీసేవారు కాదు.

"మా దేశాన్ని నియంత ఏలిన కాలంలో మా గురువుగారు ఒక వాక్యం తుడవడం మరిచిపోయారు. ఎవరో చదివారు. ఆ సాయంత్రం ఆయన ఇల్లు చేరలేదు," అన్నారొకసారి.

"ఆ నియంత పోయి ఏళ్లయింది కదా, ప్రొఫెసర్?" అన్నాను.

"వాడు పోయాడు. బోర్డు చదివినవాడు బతికే ఉన్నాడు."

ఎమర్జెన్సీలో మా హాస్టల్ గదుల్ని పోలీసులు సోదా చేయడం చూసి వచ్చినవాణ్ణి. నాకు నవ్వు రాలేదు.

1981 ఫిబ్రవరిలో ఒకరోజు మా ఆవిడ కేకేసింది. "ఏవండీ, మీ ప్రొఫెసర్ గారి కంట్రీని టీవీలో చూపిస్తున్నారు! పార్లమెంట్‌లోకి మిలిటరీ వాళ్లు గన్స్‌తో వచ్చేశారట!"

ఆ తిరుగుబాటు చల్లారిన రెండు రోజులకు ఆయన క్లాసుకొచ్చారు. 'నా బదులు ఎవరూ ఎంచుకోలేరు' అని బోర్డు నిండా రాసి, కింద తన పేరు పెట్టారు. తలుపు బార్లా తీసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు.

మేమెవరమూ కదల్లేదు. వరండాలో ఎవరివో బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. ఏ విద్యార్థో అయ్యుంటాడు. అయినా ఎప్పుడు లేచానో నాకే తెలియదు. డస్టర్ తీసి, ముందుగా ఆయన పేరు తుడిచేశాను.